పాదరక్షలు, పుణ్యము

ఏలూరునుండి ద్వారకా తిరుమలకు సుమారు 40 కిలోమీటర్లు కాలినడకన పోవు భక్తుడు చెప్పులు తొడిగినచో పుణ్యము తరుగునా యను సంశయము నన్ను చిరకాలముగా వేధించుచున్నది. రామపాదుకలను సింహాసనమున నిలిపిన భరతుని కథ వినుచు పెరిగిన మనమే గుడివాకిట చెప్పును మైలయని విడుచుచున్నాము; దానిని కుట్టిన చేతులను సైతము దూరముంచితిమి, అది వేఱొక పాపము. ఒక వేసవిని ఆ దారినే క్రొత్తచెప్పులతో బయలుదేఱి, భీమడోలు చేరకమునుపే మడమపట్టీ ఒరసి బొబ్బ లేవగా, గోవిందనామము మఱచి ఆ బొబ్బనే స్మరించితిని. నెలనాళ్లు తొడిగి, వ్రేళ్ళ అచ్చులు పడి, పాదము నెఱిగిన పాతచెప్పులే దూరమునకు మేలని, దారిలో పట్టీ సడలించి యిచ్చిన చెప్పులుకుట్టు వృద్ధుడు చెప్పెను. దేహమును మఱపించు సాధనము దైవస్మరణమున కడ్డమెట్లగును? కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనమునకు పోయినపుడు మాత్రము, సరస్సు గట్టున నల్లని ఒండ్రు నా కుడిచెప్పును మ్రింగి, ఆ తర్కమును తానే ముగించినది.