పేరు ఎవరి సొత్తు?

అమెరికాలో ఒక ఫుట్‌బాల్ జట్టు 1933 నుంచి 2020 వరకు, మొదట బోస్టన్‌లోను 1937 తర్వాత వాషింగ్టన్‌లోను, "రెడ్‌స్కిన్స్" అనే పేరుతో ఆడింది. ఎర్రతోలువాళ్ళు అని ఆ మాటకు అర్థం. ఆ ఖండపు ఆదివాసులను తెల్లవాళ్ళు అట్లా పిలిచేవారు. ఆదివాసుల సంఘాలు యాభైయేళ్ళకు పైగా ఆక్షేపించిన మీదట 2020 జులై 13న యాజమాన్యం ఆ పేరు వదులుకుంది. రెండు సీజన్లు ఏ బిరుదూ లేకుండా "వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్" అని చెప్పుకుని, 2022 ఫిబ్రవరిలో "కమాండర్స్" అని కొత్త పేరు పెట్టుకుంది. తగువు తీరిందని చాలామంది అనుకున్నారు. 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్ పాత పేరే మళ్ళీ పెట్టాలన్నాడు; పెట్టకపోతే జట్టు కట్టదలచిన కొత్త స్టేడియం ఒప్పందానికి అడ్డుపడగలనని కూడా బెదిరించాడు. పేరు మారలేదు గాని, పాత వాదాలన్నీ మళ్ళీ లేచి కూర్చున్నాయి.

ఆ ఆటలో గెలుపోటములు ఎట్లా లెక్కిస్తారో కూడా నాకు సరిగా తెలియదు. ఈ విషయంలో తెలియవలసిన అవసరమూ లేదు. ఒక జాతిని ఏ పేరుతో పిలవాలో నిర్ణయించే హక్కు ఎవరిది, ఆ పేరును సరుకుచేసి అమ్ముకునే హక్కు ఎవరిది అన్నదే ఇక్కడి ప్రశ్న. పేరు మార్చడం న్యాయమేనని నా అభిప్రాయం. అయితే మార్చాలన్నవారు చెప్పిన కారణాలన్నీ నాకు సమ్మతం కావు. మార్చిన పద్ధతి అసలే సమ్మతం కాదు.

పాత పేరును సమర్థించేవారి మొదటి వాదం గౌరవవాదం. ఆ పేరు ఆదివాసుల శౌర్యానికి నివాళి అంటారు. ఈ నివాళి ఎట్లా పుట్టిందో కొంచెం చూద్దాం. జట్టు యజమాని జార్జి ప్రెస్టన్ మార్షల్ లాండ్రీల వ్యాపారి. 1932లో జట్టు బోస్టన్ బ్రేవ్స్ అనే బేస్‌బాల్ జట్టు మైదానంలోనే ఆడేది, పేరు కూడా అదే. మరుసటి ఏడు మైదానం మారింది. రెండు జట్లకూ ఒకే పేరుంటే తికమక అవుతుందని మార్షల్ రెడ్‌స్కిన్స్ అని మార్చాడు. జట్టు శిక్షకుడు డీట్జ్ అనే ఆయన తాను సూ జాతివాడినని చెప్పుకునేవాడు. ఆయన గౌరవార్థమే ఈ పేరు వచ్చిందని తర్వాతి యజమానులు కథ చెప్పారు. కాని శిక్షకుడు ఇండియన్ కావడం వల్ల ఈ పేరు పెట్టలేదని మార్షలే 1933లో పత్రికలకు చెప్పివున్నాడు. పైగా ఆ డీట్జ్, సైన్యంలో చేరకుండా తప్పించుకోవడానికి ఇండియన్నని బొంకాడన్న అభియోగం మీద 1920లో ముప్ఫై రోజులు జైల్లో ఉన్నాడు. వ్యాపారి తికమక తప్పించుకోవడానికి పెట్టిన పేరు, ఇండియన్ అవునో కాదో తేలని మనిషి పేర నివాళిగా మారింది!

ఇంకో సంగతి. అమెరికా వృత్తి ఫుట్‌బాల్‌లో నల్లవారిని చేర్చుకున్న చిట్టచివరి జట్టు ఇదే. 1962 దాకా మార్షల్ ఒక్కణ్ణీ తీసుకోలేదు. స్టేడియం ప్రభుత్వ భూమిలో ఉన్నది గనక, కెనెడీ ప్రభుత్వం మెడ మీద చెయ్యి వేసిన తర్వాత తీసుకున్నాడు. ఒక జాతిని దగ్గరకు రానివ్వనివాడు మరో జాతిని నెత్తిన పెట్టుకున్నాడంటే నమ్మడం కష్టం. అయినా మార్షల్ మనసులో ఏముందో మనకు అనవసరం. గౌరవం నిజమైనదే అనుకుందాం. గౌరవించబడేవాడు నాకీ గౌరవం వద్దన్న తర్వాత కూడా మెడలో దండ వేస్తానని పట్టుబట్టేవాణ్ణి ఏమనాలి?

మన దేశంలో ఈ తగువు మనకు తెలియనిది కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాజనుల సభ అని ఒక సభ పిలిచారు. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ ఆ "పంచమ" శబ్దాన్నే నిరాకరించాడు. మేము ఈ నేలకు మొదటివాళ్ళం, ఐదోవాళ్ళం కాము అన్నది ఆయన వాదన. సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. ఐదేళ్ళకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా ఆ మాటను అంగీకరించింది. ఆ తర్వాత గాంధీగారు "హరిజన" అన్నారు. ఆ మాటలో ద్వేషం లేదు, అవమానించే ఉద్దేశం లేదు, ఉన్నది దయ. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరు చట్టంలోకి ఎక్కుతుంటే అంబేద్కర్ తన పక్షంతో సహా సభలోంచి లేచిపోయాడు. తిట్టుపేరు కానంత మాత్రాన అది ఒప్పుకోదగిన పేరు కాదని ఆయనకు తెలుసు. వాషింగ్టన్ గౌరవవాదులకు ఇంతకన్న జవాబు అక్కర్లేదు.

రెండో వాదం నిఘంటువులది. పేరు వద్దన్నవారిలో కొందరు, ఆదివాసుల తలచర్మాలకు వెలకట్టిన నాడే ఈ మాట పుట్టిందన్నారు. 1755లో మసాచుసెట్స్ పాలకుడు పెనాబ్‌స్కాట్ జాతి మగవాని తలచర్మానికి నలభై పౌన్లు ప్రకటించిన మాట వాస్తవమే. అయితే ఆ ప్రకటనలో ఈ మాట లేదు. ఈ మాట పద్దెనిమిదో శతాబ్దంలో ఆదివాసులు తమను గురించి తాము అన్న మాటకు ఫ్రెంచి ద్వారా వచ్చిన అనువాదమని 2005లో ఐవ్స్ గాడర్డ్ అనే భాషావేత్త నిరూపించాడు. ఇది చూసి సమర్థకులు సంబరపడ్డారు. ఎందుకో నాకు అర్థం కాదు. తెలుగులో కంపు అంటే ఒకప్పుడు సువాసన. సాని అంటే దొరసాని. ఇవాళ ఎవరి ఇంటికైనా వెళ్ళి, ఇల్లంతా కంపుకొడుతున్నదని మెచ్చుకుని, కావ్యప్రమాణం చూపించి బయటపడమనండి. మాట పుట్టిన రోజుది కాదు అర్థం, బతికిన రోజులది. 1862లో మినసోటాలో డకోటాల తిరుగుబాటు అణచి, డిసెంబరు 26న ముప్ఫై ఎనిమిది మందిని ఒకే ఉరికంబం మీద ఉరితీశారు. మరుసటి ఏడు ఆ రాష్ట్రపు పత్రిక ఒకటి, చచ్చిన ఒక్కొక్క "రెడ్‌స్కిన్" కు బహుమతి రెండువందల డాలర్లకు పెరిగిందని అచ్చువేసింది. వ్యుత్పత్తి ఏదైనా, మాట నడిచివచ్చిన దారి ఇది.

ఇక మూడో వాదం గట్టిది. 2016లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆదివాసులమని చెప్పుకున్న 504 మందిని అడిగితే, పదిమందిలో తొమ్మిదిమంది మాకేమీ బాధ లేదన్నారు. 2020లో వెలువడిన మరో పరిశోధనలో, వెయ్యిమందికి పైగా అడిగితే, దాదాపు సగంమంది అవమానంగానే ఉందన్నారు. ఏ లెక్క సరైనదన్న చర్చలోకి నేను దిగను. మొదటిదే నిజమనుకుందాం. అరిజోనాలో నవాహోల సీమలోనే, నవాహో పిల్లలే చదివే రెడ్ మెసా బడి జట్టు పేరు కూడా ఇదే. ఈ జట్టు టోపీ మీద దశాబ్దాలపాటు ఉన్న ఆదివాసి ముఖచిత్రం రూపొందడంలో బ్లాక్‌ఫీట్ నాయకుడు వాల్టర్ వెట్‌జెల్ చెయ్యి ఉంది; ఆ బొమ్మ తీసెయ్యడం ఆయన కుటుంబానికి కష్టం కలిగించింది. ఇవన్నీ నిజాలే. పీడితుడు తన పీడనను గుర్తించలేదని చెప్పి, అతని మాటను తోసిపుచ్చే అలవాటు మన పక్షంలో కొందరికి ఉంది. నేనా పని చెయ్యను. రెడ్ మెసా పిల్లలకు వాళ్ళ బడి పేరు ఏమిటో చెప్పడానికి నాకేం అధికారం ఉంది?

కాని తన పేరును తాను పెట్టుకోవడం వేరు, ఇంకొకడి పేరును రిజిస్టరు చేయించుకోవడం వేరు. బడి పిల్లలు ఆ పేరును అమ్మడం లేదు. వాషింగ్టన్ జట్టుకు అది 1967 నుంచి రిజిస్టరైన వ్యాపారచిహ్నం. చొక్కాల మీద, టోపీల మీద, కాఫీకప్పుల మీద ఆ జాతి పేరు వేసి అమ్మే ఏకైక హక్కు ఒక కంపెనీకి ఉంది. తొమ్మిదిమందికి బాధలేకపోవడం వల్ల పదోవాడి పేరు మీద ఇంకొకడికి హక్కు సంక్రమిస్తుందా? నా పొరుగువాళ్ళకు అభ్యంతరం లేదని నా పొలం అమ్ముకున్నట్టుంది ఈ తర్కం.

పొలం అన్నాను గనక, మన మిత్రులలో కొందరు వేసే ఆక్షేపణకు ఇక్కడే జవాబు చెప్పాలి. ఆదివాసులకు కావలసింది భూమి, తిండి, ఆసుపత్రి. ఈ పేర్ల గొడవ చదువుకున్నవారి కాలక్షేపం అని వారంటారు. భూమి సంగతి వారికన్న నేను తక్కువ అనను. 1887లో డాస్ చట్టం వచ్చి ఉమ్మడి భూములను ముక్కలు చేసింది. అప్పటికి ఆదివాసుల చేతిలో ఉన్న 13 కోట్ల 80 లక్షల ఎకరాలు 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలయ్యాయి. అదే కాలంలో ఇంకో పని కూడా జరిగింది. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ప్రభుత్వం ఒక బడి పెట్టింది. తల్లిదండ్రులకు దూరంగా పిల్లల్ని తీసుకువచ్చి, జుట్టు కత్తిరించి, సొంతభాష మాన్పించి, ఇంగ్లీషు పేర్లు పెట్టారు. ఆ బడి పిల్లలే ఫుట్‌బాల్‌లో పెద్ద పెద్ద కాలేజీలను ఓడించారు. 1912లో జిమ్ థోర్ప్ ఆడిన కార్లైల్ జట్టు సైనిక కళాశాల జట్టును 27-6 తేడాతో చిత్తుచేసింది. ఓడిన జట్టులో భావి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు. 1918లో ఆ బడి మూతపడింది. పదిహేనేళ్ళు తిరగకుండా లాండ్రీల వ్యాపారి ఆటలోకి ఎర్రతోలువాళ్ళను తీసుకువచ్చాడు, చొక్కాల మీద.

భూమి తీసుకున్న చెయ్యీ, పిల్లవాడి పేరు తీసేసిన చెయ్యీ, అందరికీ కలిపి ఒకే తోలుపేరు పెట్టి అమ్ముకున్న చెయ్యీ వేరువేరు కావు. లకోటా, చెరొకీ, నవాహో అని ఎవరి పేరు వారికి ఉన్నంతకాలం ఎవరితో చేసుకున్న ఒప్పందాలు వారికి ఉంటాయి. ఫలానా ఒప్పందం ప్రకారం ఫలానా నేల మాది అని వారు కోర్టుకు రాగలరు. ఎర్రతోలువాళ్ళతో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. ఆ పేరుగల జాతి లేనే లేదు. ఈకల టోపీ పెట్టుకున్న ఆ ముఖం, ఎప్పుడో గతించిన ఒక వీరుడి ముఖం. బతికివుండి బాకీ అడిగే మనిషి ముఖం కాదు. పేరు సంగతి భూమి సంగతి కాదనేవారు ఈ ముక్క ఆలోచించాలి. (మన తెలుగు పుస్తకాల్లో వారిని ఇంకా "రెడ్ ఇండియన్లు" అనే రాస్తున్నాం. దారి తప్పిన కొలంబస్ పొరపాటు ఒకటి, రంగు ఒకటి, రెండూ కలిపి! నవాహోలు తమను తాము దినే అంటారని రాసిన పుస్తకం మనకెంత అరుదు.)

ఇంతకూ పేరు ఎట్లా పోయింది? 1992లో సూజన్ హార్జో అనే ఆదివాసి రచయిత్రి, మరి ఆరుగురు కలిసి, ఒక జాతిని కించపరిచే చిహ్నానికి రిజిస్ట్రేషను ఇవ్వరాదన్న చట్టం ఆధారంగా దావా వేశారు. దావా గెలిస్తే పేరు నిషేధం కాదు. ఆ పేరుకు ప్రభుత్వ రక్షణ మాత్రం పోతుంది. 1999లో గెలిచారు. 2003లో పైకోర్టు కొట్టేసింది. సాక్ష్యం చాలలేదన్నది ఒక కారణం. అభ్యంతరం చెప్పడానికి ఆలస్యంగా వచ్చారన్నది రెండోది. ఆ నేల మీద ఆదివాసులు ఆలస్యంగా వచ్చారట! 2006లో అమాండా బ్లాక్‌హార్స్ అనే నవాహో స్త్రీ, మరి నలుగురు, మళ్ళీ వేశారు. 2014లో గెలిచారు. 2017లో సుప్రీంకోర్టు, వేరే కేసులో, ఆ చట్టనియమమే వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని తేల్చింది. ఆ కేసు తెచ్చింది ఎవరనుకున్నారు? ఆసియా జాతీయులను వెక్కిరించే మాటను తమకు తామే పేరుగా పెట్టుకున్న ఆసియా సంతతి గాయకబృందం. తమ మీద విసిరిన రాయిని తాము ఏరుకున్నవారి విజయం, రాళ్ళు విసిరేవాడికి లాభించింది. తీర్పు తప్పని నేననను. తిట్టును తనదిగా చేసుకున్నవాడికీ, తిట్టును అమ్ముకునేవాడికీ తేడా చూడగల కన్ను ఆ చట్టానికి లేదు, అంతే.

పేరు ఎన్నటికీ మార్చనని యజమాని డాన్ స్నైడర్ 2013లో చెప్పాడు. "ఎన్నటికీ" అన్నది పెద్దక్షరాల్లో వేసుకోండని విలేకరికి చెప్పాడు కూడా. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసులు జార్జి ఫ్లాయిడ్‌ను చంపారు. జనం వీధుల్లోకి వచ్చారు. జూన్ నెలలో 62,000 కోట్ల డాలర్ల ఆస్తులు నిర్వహించే పెట్టుబడిదారులు కొందరు ఫెడెక్స్, నైకీ, పెప్సీ కంపెనీలకు లేఖలు రాశారు. స్టేడియం మీద తన పేరు ఉండడానికి 20 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్న ఫెడెక్స్, జులై 2న, పేరు మార్చమని అడిగింది. జులై 13న పేరు పోయింది. ఆదివాసి స్త్రీలు పాతికేళ్ళు కోర్టుల్లో నిలబడి అడిగితే కదలని పేరు, వర్తకుడు అడిగితే పదకొండు రోజుల్లో కదిలింది. మూడేళ్ళకు స్నైడర్ ఆ జట్టును 605 కోట్ల డాలర్లకు అమ్ముకున్నాడు.

దీన్ని అంతరాత్మ విజయమని రాసినవారున్నారు. నేను రాయలేను. అట్లాగని అంతా వ్యాపారమే అని పెదవి విరవడమూ నాకు చేతకాదు. ఫెడెక్స్ భయపడింది, నిజమే. భయపడవలసిన పరిస్థితి దానంతటది రాలేదు. ఓడిపోయిన ఆ దావాల్లో పోగైన సాక్ష్యమే, 1968 నుంచి ఆదివాసుల జాతీయ కాంగ్రెస్ చెబుతూ వచ్చిన మాటలే, వీధిలో జనం లేచిన రోజున పనికివచ్చాయి. కాని వర్తకుడు భయపడి ఇచ్చినదాన్ని, ఇంకో దిక్కునుంచి ఇంకో భయం వచ్చిన రోజున తిరిగి తీసుకుంటాడు. 2025లో అధ్యక్షుడు బెదిరించింది సరిగ్గా ఆ కీలకం మీదనే. పేరు మీద హక్కు ఆ జాతులదని ఏ చట్టమూ చెప్పలేదు, ఏ కోర్టూ చెప్పలేదు. యజమాని ఒక చిహ్నం వదిలి ఇంకొక చిహ్నం రిజిస్టరు చేయించుకున్నాడు, అంతవరకే.

ఆ కొత్త చిహ్నమూ గమనించదగినదే: కమాండర్స్, సేనాధిపతులు. మినసోటాలో డకోటాల మీదికి నడిచినవారినీ ఈ మాటతోనే పిలిచారు. క్లీవ్‌లండ్ బేస్‌బాల్ జట్టు 2021లో "ఇండియన్స్" మాని "గార్డియన్స్" అయింది. కాన్సాస్ సిటీవాళ్ళు చీఫ్స్‌గానే, అట్లాంటావాళ్ళు బ్రేవ్స్‌గానే ఉన్నారు. అక్కడ ఆట చూసే జనం ఇప్పటికీ గొడ్డలి విసురుతున్నట్టు చేతులాడిస్తారు. వాషింగ్టన్‌లో కొత్త స్టేడియానికి కేటాయించిన స్థలం అనకోస్టియా నది ఒడ్డున ఉంది. ఆ ఒడ్డున బతికిన నకాచ్‌టాంక్ అనే జాతి పేరే వలసవాళ్ళ నోట అరిగి ఆ నదికి మిగిలింది. ఆ పేరు మార్చమని గాని ఉంచమని గాని ఎవరూ అడగలేదు. దాన్ని అమ్మడానికి ఎవరికీ తోచలేదు.