దొడ్డు బియ్యం, సన్న బియ్యం

ఆదివారం పూట మా అపార్టుమెంటు ఆడవాళ్ళం నలుగురం గేటు దగ్గర కలిశామంటే మొదట కూరగాయల ధరలు, తర్వాత పిల్లల చదువులు, ఆ పైన ప్రభుత్వం. ఈ వరస తప్పదు. 2023 వేసవిలో ఓ ఆదివారం మాత్రం మూడో అంతస్తు ఆవిడ వస్తూనే ప్రభుత్వం దగ్గర మొదలుపెట్టింది.

"చూశారటండీ ఈ అన్యాయం! రేషను షాపు సందు చివర ఆటో పెట్టుకుని కూర్చున్నాడొకడు. తక్కెడ కూడా ఉంది. ఓ మనిషి ఇలా షాపులో బియ్యం తీసుకుంది, అలా తెచ్చి వాడికి పోసేసింది. కిలో పది రూపాయలట! ఆ డబ్బు పుచ్చుకుని తిన్నగా ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? కోడిమాంసం కొట్టుకి! చంకలో పిల్లాడికి కూల్‌డ్రింకు సీసా ఒకటి. అంతా మన పన్నుల డబ్బేగా!"

అందరం నోళ్ళు నొక్కుకున్నాం. నేనూ నొక్కుకున్నాను. నిజంగానే కోపం వచ్చింది నాకు. నెల నెలా మా వారి జీతంలోంచి కోసుకునే పన్ను ఎంతో నాకు రూపాయలతో సహా తెలుసు.

కాసేపటికి మేం విడిపోతుంటే ఆవిడే వెనక్కి తిరిగి అడిగింది. "అన్నట్టు, మీ పనమ్మాయి దగ్గర దోసెలకి బియ్యం ఇప్పించారే పోయినసారి, భలే కుదిరాయండీ. ఇంకో పదికిలోలు చెబుతారూ?"

ఆ బియ్యం ఏ బియ్యమో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిణ్ణి ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. ఆ నిమిషంలో మా వంటింట్లో మినప్పప్పు పక్కన గిన్నెలో నానుతున్నవీ ఆ బియ్యమే. ఆటోవాడు పది ఇస్తాడు, నేను పదిహేను ఇస్తాను. కాబట్టి నేను ఉపకారం చేస్తున్నాననే అనుకునేదాన్ని. ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. ఆ ఆదివారం మా ఇంట్లోనూ కోడికూరే.

మర్నాడు ఆ కోపం అలాగే ఉంది కాబోలు, మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని పట్టుకుని అడిగాను. "ఊరికే ఇచ్చే బియ్యాన్ని అలా అమ్ముకుంటారేమే మీరంతా?"

"ఐదుగురికి ముప్పై కిలోలస్తయమ్మా. పది కిలోలు ఉంచుకుంట, మా అత్తకు, పొద్దుగాల అట్లకు. మిగిలినయి పిల్లలు తినరు. పొద్దున వండి డబ్బల పెడితే పగటికల్ల గట్టిగైతది. ఇంట్ల పెడితే పురుగు వడుతది" అంది చీపురు ఆపకుండానే.

లెక్క చెప్పాను. ఇరవై కిలోలకి నీకొచ్చేది రెండు వందలు. బజారులో సన్న బియ్యం కొంటే ఆ రెండు వందలకి నాలుగు కిలోలు కూడా రావు. ఇరవై ఇచ్చి నాలుగు తెచ్చుకోవడం ఏం తెలివి అన్నాను. "ఎరుకే అమ్మా" అంది. ఒక నెల ఆ డబ్బు పప్పుకి పోతుందట, ఒక నెల పిల్లవాడి పరీక్ష ఫీజుకట. ఒక్కో ఆదివారం కోడికేనట. ఆ చివరిది దాచకుండా చెప్పేసరికి నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. "అందుకే మీరు ఎప్పటికీ బాగుపడరు" అనేశాను.

ఏమీ అనలేదు. గిన్నెలు తోమింది, చేతులు కడుక్కుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "పోయిన దసరకు మీరిచ్చిన చీర కట్టలేదేందని అడిగిండ్రు గదమ్మా. అది మా చెల్లెకిచ్చిన. అప్పుడు చెప్పనీకె భయమైంది" అని వెళ్ళిపోయింది.

అప్పటికి ఆ చీర సంగతి నేను మూడుసార్లు అడిగి ఉంటాను. ఆకుపచ్చ రంగుకి మెంతిరంగు అంచు. నేను ముచ్చటపడి కొన్నది. ఇచ్చినప్పటి నుంచీ ఆ చీర మీద నా చూపు ఉంటూనే ఉంది. ఆమె కట్టుకొస్తే నాకు తృప్తి, కట్టుకు రాకపోతే నాకు వెలితి. ఇచ్చేశానని నేననుకున్నాను గానీ, ఆమెకి మాత్రం అది ఇంకా నా చీరే. జవాబు చెప్పుకోవలసిన చీర.

ఇళ్ళలో హోమం చేయించేటప్పుడు నెయ్యి వేస్తున్న ప్రతిసారీ పురోహితుడు మన చేత 'ఇది నాది కాదు' అనిపిస్తాడు. ఒక్కసారి అంటే చాలదనేమో పదేపదే అనిపిస్తాడు. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేదాన్ని. అగ్నిహోత్రుడికిచ్చిన నేతినే మనం అంత తొందరగా వదులుకోలేమని పెద్దలకి తెలిసే ఉంటుంది. ఇంక పనిమనిషికిచ్చిన చీర సంగతి చెప్పాలా!

మరి ఈ బియ్యం నేనిచ్చినవీ కావు. అసలు దానమూ కాదు. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టం ఇవి పేద కుటుంబాల హక్కు అంది. అప్పుడు కిలో మూడు రూపాయలు పెట్టారు, 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చే బియ్యానికి కేంద్రం డబ్బే తీసుకోవడం మానేసింది. తెలంగాణలో మనిషికి ఆరు కిలోలు. చట్టానికి ముందూ మనకి ఈ కథ ఉంది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు నాకు ఊహ కూడా సరిగ్గా తెలియదు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు మా తాతగారి అరుగు మీద ఆ మాటే వింటూ పెరిగాను. "రెండు రూపాయలకి తిండి దొరికితే ఇంక కూలికెవడొస్తాడు?" అని. ఆ అరుగు మీద ఆ మాటలన్న పెద్దమనుషులకి ఏ ఏడాదీ నాట్లు ఆగలేదు. అప్పుడు కోపం వాళ్ళు తింటున్నారని. నలభై ఏళ్ళ తర్వాత మా గేటు దగ్గర కోపం, తినడం లేదని.

అసలు ఈ బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయి? మా అత్తవారిది నల్గొండ జిల్లా. ఉన్న రెండెకరాల్లో యాసంగికి దొడ్డు వడ్లు వేస్తారు. ఎక్కువ మంది వేసేది వెయ్యిన్ని పది రకం. వాటిని బజారులో అడిగేవాడుండడు. మద్దతు ధరకి ప్రభుత్వం కొంటేనే మా మామగారి చేతికి నాలుగు డబ్బులు. అలా కొన్న వడ్లు బియ్యమై ఎవరో ఒకరి పళ్ళెంలోకి పోవాలి కదా! మా ఇంటికి వడ్ల డబ్బు, వాళ్ళింటికి బియ్యం. మేమైనా ఆ దొడ్డు బియ్యం వండుకు తింటామా అంటే, మా మామగారు కూడా తిండికి సన్న బియ్యం కొనుక్కుంటారు. ఆ వడ్ల డబ్బు ఎలా ఖర్చు పెట్టారని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా అమ్మ సంగతి ఒకటి గుర్తొస్తోంది. మాది గులాబీ కార్డు. పంచదారా, కిరసనాయిలూ వచ్చేవి. ఇంట్లోకి గ్యాసు వచ్చాక కూడా కొన్నాళ్ళు కార్డు మీద కిరసనాయిలు తెచ్చేవాళ్ళం. అమ్మ దాన్ని పాలావిడకిచ్చి వెన్న పుచ్చుకునేది. దాన్ని ఎవరూ అమ్ముకోవడం అనలేదు. "మీ అమ్మ ఎంత గడుసుదే!" అని మెచ్చుకున్నారు. తర్వాత నా కాపురంలో ఎన్నో ఏళ్ళు సబ్సిడీ సిలిండరు వాడాను. 2015లో స్తోమత ఉన్నవాళ్ళు సబ్సిడీ వదులుకోండని ప్రభుత్వం బతిమాలింది. మా ఇంట్లో దాని మీద నాలుగు రోజులు చర్చ జరిగింది. వదులుకోలేదు. ఆ గ్యాసు మీద పప్పుచారు పెట్టానా, మైసూరుపాకు చేశానా అని ఏ ఆటో పక్కనా నిలబడి నన్నెవరూ చూడలేదు.

ఇది మన దేశపు గొడవే అనుకున్నాను గానీ, అమెరికాలో ఉన్న మా పిన్నికూతురు చెబితే తెలిసింది. అక్కడ పేదవాళ్ళకి బియ్యం ఇవ్వరు, ఆహారపదార్థాలు మాత్రమే కొనుక్కునేలా డబ్బు వేసిన కార్డు ఇస్తారు. 1964లో చట్టం చేసినప్పుడు కాగితపు కూపన్లట. బిల్లు కట్టే వరసలో ముందున్నావిడ ఆ కార్డుతో కేకు కొంటే వెనకున్నవాళ్ళు గొణుగుతారట, అచ్చం మన మూడో అంతస్తు ఆవిడలాగే. ఆ కార్డుతో వేడి వంటకాలు కొనకూడదని రూలు ఉందిట. కాల్చిన కోడి వేడిగా ఉంటే కుదరదు, అదే కోడి చల్లారితే ఫరవాలేదు! చల్లారిన కోడి తింటే పేదవాడికి బుద్ధిగా ఉన్నట్టు కాబోలు. 2025లో కొన్ని రాష్ట్రాలు కూల్‌డ్రింకులు కూడా కొననివ్వకుండా అనుమతి తెచ్చుకున్నాయి. చక్కెర నీళ్ళు పిల్లలకి మంచివి కావు, అది నేనూ ఒప్పుకుంటాను. మరి మా అబ్బాయి ఫ్రిజ్‌లో పెట్టుకున్న సీసా సంగతి?

అలాగని నష్టమే లేదనను. ఆ బియ్యం కిలో షాపుదాకా రావడానికి ప్రభుత్వానికి దాదాపు 40 రూపాయలవుతోంది. అది పదికి ఆటోలోకి పోతోంది. అక్కణ్ణుంచి మిల్లుకి వెళ్ళి, మళ్ళీ పాలిషు పట్టి, కొత్త సంచీలో ఎక్కడెక్కడికో పోతాయి. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ మీద రేషను బియ్యం బయటపడిన గొడవ అందరూ చదివే ఉంటారు. చంకలో పిల్లాడితో నిలబడ్డ మనిషికి మిగిలింది పది. తక్కిన ముప్పై ఎవరెవరు పంచుకున్నారో మన గేటు దగ్గర్నించి కనపడదు. కోడిమాంసం కొట్టు కనపడుతుంది. అందుకని మన కోపమంతా ఆ కొట్టు దగ్గరే ఆగిపోతుంది. నా కోపమూ అక్కడే ఆగిపోయింది, మూడు దోసెల పిండి సాక్షిగా.

ఆ ముప్పై ఎక్కడికి పోయిందని మేం ఎన్నడూ ఆరా తియ్యలేదంటే, మేం బాధపడింది డబ్బు గురించి కాదేమో. పెట్టింది తిని, కళ్ళకద్దుకుని వెళ్ళవలసిన మనిషి 'నాకిది వద్దు, అది కావాలి' అనుకుందే, అది గుచ్చుకుంది. వద్దనడం, కావాలనడం మన హక్కులని మనకో నమ్మకం. ఇలా అంటే మూడో అంతస్తు ఆవిడ నాతో మాట్లాడటం మానేస్తుందని ఊరుకున్నాను. రుజువు కూడా అప్పటికి నా దగ్గర లేదు.

రుజువు 2025 ఉగాదికి వచ్చింది. హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టారు. ఏప్రిల్ నుంచి మా వీధి షాపులోనూ దొడ్డు బియ్యం పోయి సన్నవి వచ్చాయి. సందు చివర ఆటో కొన్నాళ్ళు కనపడలేదు. మా పనమ్మాయి ముప్పై కిలోలూ ఇంటికే మోసుకుపోయింది. అమ్మడం లేదు, తింటున్నారు. మరి మనకి సంతోషం కావాలి కదా!

ఆ ఆదివారం గేటు దగ్గర మూడో అంతస్తు ఆవిడ ముఖం కందగడ్డలా ఉంది. "చూశారటండీ! మనం యాభై అయిదు పెట్టి కొనుక్కుంటున్న బియ్యమే వాళ్ళకి ఉత్తపుణ్యానికి! ఇంక మనకీ వాళ్ళకీ తేడా ఏముంది?"

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ మాటలో తప్పు పట్టుకోవడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ ఉదయమే నేను, "దోసెల బియ్యం ఇంక తేవా?" అని మా పనమ్మాయిని కాస్త నిష్టూరంగానే అడిగి ఉన్నాను. "ఇప్పుడు మేమే తింటున్నమమ్మా" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి కూడా నా మనసు దోసెల బియ్యం ధర మీదే ఉంది. కొట్లో కొనబోతే కిలోకి పదిహేను ఎక్కడిది!

మొన్న బతుకమ్మ పండక్కి మళ్ళీ చీర తెచ్చాను. ఈసారి నీలం. ఇస్తూ, 'సద్దుల బతుకమ్మ రోజు కట్టుకో' అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆమె మడత విప్పి, అంచు చేత్తో తడిమి చూసి, నా ఎదుటే, ఏ భయం లేకుండా అంది.

"ఈ రంగు మా చెల్లెకు మస్తుగుంటదమ్మా."

"అలాగే" అన్నాను. అబద్ధమెందుకూ, కొంచెం చివుక్కుమంది.