నేరము క్రొత్తదానిదేనా?

ఇంటిలోనికి క్రొత్తగా నొకటి వచ్చిన మరునాడు పాతవానిలో నేదైనను చెడినచో, ఆ క్రొత్తదానివలననే చెడినదని తలచుట మనుష్యులకు సహజము. పూర్వము క్రొత్త కోడలు, క్రొత్త ఆవు, క్రొత్త అద్దెవాడు ఈ యపవాదమును మోసిరి. నేడు ఆ వరుసలో ఫోనులు, కెమెరాలు, కంప్యూటర్లు చేరినవి. "ఇది తగిలించినది మొదలు నెట్టు పోవుచున్నది" అను మాట వినబడని యిల్లు అరుదు. ఆ మాటలో నిజమెంత? ఆ నిజమునుండి నేరారోపణకు పోవుట యెంతవరకు న్యాయము? పరికరముమీద వేసిన నింద పరికరముతో నాగదు. దానిని తెచ్చినవారికిని తగులును. కావున ఈ ప్రశ్నను మరమ్మతుపనివారికి మాత్రమే విడిచిపెట్టుటకు మేమొప్పుకొనము.

మన తార్కికులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులు. కాకి వ్రాలుటయు, తాటిపండు పడుటయు నొక్క క్షణమున జరిగినంతమాత్రమున కాకియే పండును పడవేసినదనరాదు, దీనినే కాకతాళీయమనిరి. తర్కశాస్త్రమున ప్రవేశించువారు మొదట చేతబట్టు తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆ శాస్త్రము ప్రకారము ఒకటి కారణమనిపించుకొనుటకు కార్యమునకు ముందుండుట చాలదు, నియమముగా నుండవలెను, అది లేకున్నను కార్యము సిద్ధించునట్టిది కారాదు. కుమ్మరి కుండ చేయుటకు ముందు గాడిద మట్టిని మోసికొనివచ్చెను. ఐనను గాడిద కుండకు కారణము కాదు. అదే మట్టిని మనుష్యుడు మోసినను కుండ కాగలదు గదా. వీధిలో గుంట త్రవ్వినవారు తీగను తెంపిన దినముననే మన యింటికి క్రొత్త టీవీ వచ్చినచో, ఆ టీవీ యీ గాడిదవంటిది. దానిని తీసివేసి చూచిన తెలిసిపోవును. తీసినను నెట్టు రాదు.

గాడిద సంగతి సులభము. కఠినమైనది వేరొకటి కలదు.

బరంపురములో మేమెరిగిన యొక కుటుంబమున్నది. తాతలనాటి యిల్లు, మందపు గోడలు. మామగారు ప్లీడరు, ముందు గదియే ఆయన ఆఫీసు, ప్రింటరు అచ్చటనే యుండును. కోడలు విశాఖపట్టణమునుండి వచ్చినది; ఇంటనుండియే కంపెనీ పని చేయును. ఆమె కంప్యూటరు ఆ యింటి వైఫైలో చేరిన మూడవ దినమునుండి ప్రింటరు ఒకమారు పలుకును, ఒకమారు పలుకదు. కోర్టు వేళకు కాగితము రాదు. ఆమె కంప్యూటరునకు సయితము నడుమనడుమ నెట్టు తెగిపోవుచుండెను గాని, ఆ సంగతిని లెక్కలోనికి తీసికొన్నవారు లేరు. "అమ్మాయి కంప్యూటరు మన యింటి నెట్టుకు పడలేదు" అని మామగారనిరి. ఆ మాట అత్తగారి నోట ఇరుగుపొరుగువారికి చేరునప్పటికి కంప్యూటరును నెట్టును జారిపోయి, "అమ్మాయి మన యింటికి పడలేదు" అని మిగిలినది. కోడలు ఏమియు ననక తన ఫోనులోని డేటాతో పని గడుపుకొనసాగెను. అది నెల నిండకమునుపే అయిపోవుచుండెను.

మామగారి మేనల్లుడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, సెలవులకు వచ్చి పరీక్షింపబూనెను. కోడలి కంప్యూటరును ఆపిన, ప్రింటరు చక్కగా పనిచేసెను. దానిని తెరచిన, ప్రింటరు తడబడెను. పలుమారులు చేసినను అదియే ఫలితము. ఉన్నపుడు కలుగుట, లేనపుడు కలుగకుండుట, అనగా అన్వయము, వ్యతిరేకము రెండును కుదిరినవి. ఇది గాడిద కాదు. శాస్త్రసమ్మతముగనే నేరము ఋజువైనదని మామగారు తలచిరి. పెక్కు ఇండ్లలో విచారణ ఇచ్చటనే ముగియును.

ఆ పిల్లవాడు మరియొక పరీక్ష చేసెను. ఈమారు ప్రింటరును ఆపి, కంప్యూటరును తెరచి యుంచెను. ఆ దినమంతయు కంప్యూటరునకు నెట్టు ఒక్కమారైనను తెగలేదు. ప్రింటరును తెరవగనే మరల తెగినది. ప్రింటరునకు కంప్యూటరు ఎంత విఘ్నమో, కంప్యూటరునకు ప్రింటరును అంతయే విఘ్నమన్నమాట. ఈ రెండవ పరీక్ష చేయుటకు అర నిమిషము పట్టును. మూడు వారములు అది యెవరికిని తోచలేదు. పాతదానిని ఆపి చూడవలెనను తలంపే మన మనస్సునకు రాదు. పాతది మనకు ఇంటిలోని వస్తువు గాక ఇల్లే యైపోవును. మా దృష్టిలో ఈ వ్యవహారమందలి అన్యాయమంతయు ఇచ్చటనే యున్నది. పరీక్ష తప్పు కాదు, ఒక్కవైపే చేయుట తప్పు.

లోపల జరిగినదేమనగా: ఇంటి నెట్టులోని ప్రతి పరికరమునకు నొక సంఖ్య కావలెను. 1981లో నిర్ణయించిన పద్ధతి ప్రకారము ప్రపంచమున కంతటికి ఇట్టి సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలవని తెలిసి, 1996నాటి యేర్పాటు ప్రకారము కొన్నిటిని ఇండ్లలోపలి వాడుకకు ప్రత్యేకించిరి. 192.168తో మొదలగు సంఖ్యలు అట్టివి. ఒకే సంఖ్య లక్షల యిండ్లలో నుండవచ్చును. ఒక యింటిలో మాత్రము ఇద్దరి కుండరాదు. వీనిని పంచునది రౌటరు. ఊరి కరణమువలె అది తన పుస్తకము చూచి, ఖాళీగానున్న సంఖ్యను క్రొత్తగా వచ్చినదానికి ఒక గడువువరకు ఇచ్చును. గడువు సగము గడవగనే పరికరము మరల అడిగి పొడిగించుకొనును. ఆ ప్రింటరును అమ్మినవాడు ఎనిమిదేండ్ల క్రిందట దానికి 192.168.1.5 అను సంఖ్యను చేతితో స్థిరపరచి పోయెను. అప్పటి రౌటరు 100 మొదలు మాత్రమే పంచుచుండెడిది గనుక 5 భద్రముగ నుండెను. గత సంవత్సరము కంపెనీవారు ఆ రౌటరును మార్చిరి. క్రొత్త రౌటరు 2 మొదలు పంచును. దాని పుస్తకములో ప్రింటరు పేరు లేదు. కోడలి కంప్యూటరు వచ్చిన దినము ఆదివారము, ప్రింటరు ఆపియుండెను. 5 ఖాళీగా కనబడినది. రౌటరు దానిని కంప్యూటరున కిచ్చినది. సోమవారము ప్రింటరు మేల్కొని తన సంఖ్యను తాను చెప్పుకొనెను. ఇక ఒకరికి వచ్చిన మూటలు మరొకరికి పోజొచ్చెను.

ఇప్పుడు నేరమెవరిది? ప్రింటరునకు చిరకాలపు అనుభవము కలదు. కంప్యూటరునకు అధికారి యిచ్చిన పట్టా కలదు. అది అడిగి పుచ్చుకొన్నదే గాని ఆక్రమించుకొన్నది కాదు. రౌటరు తన పుస్తకమును దాటి పోలేదు. కొన్ని రౌటర్లు సంఖ్య నిచ్చుటకు ముందు ఆ పేర పిలిచి చూచును. నిద్రించువాడు పలుకడు గదా. కారణత్వము ప్రింటరునకు, కంప్యూటరునకు సమానముగా నున్నది. దోషము రెండింటికిని లేదు. ఈ రెండును వేరని మనము గ్రహింపనందుననే లోకమున సగము కలహములని మాకు తోచును. దోషమను మాట వాడవలసినచో, రౌటరును మార్చునపుడు ఆ యింటిలో నెవరెవరున్నారని అడుగక, ఒక ఫోనును కలిపి చూచి వెళ్లినవానిది కొంత. ఇంటిలో నేదేది యున్నదో వ్రాసి యుంచుకొనని యజమానిది కొంత. అధికారమున్నచోటనే బాధ్యతయు నుండవలెను. కంప్యూటరుకు ఆ యింటిలో ఏ యధికారమును లేదు.

పరిష్కారము చిన్నది. ప్రింటరుకు 5ను రౌటరు పుస్తకమున శాశ్వతముగా వ్రాయించిరి. కంప్యూటరును ఒకసారి విడిచి మరల చేరుమనగా దానికి 21 దొరకెను. ఎవరినిని వెళ్లగొట్టవలసిన పని లేకపోయెను.

ఈ సంచికను చదువువారికి ఈ కథలోని ప్రింటరు అపరిచితము కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురము తెలుగువారు ఇల్లు కదలలేదు, పుస్తకము మారినది. మద్రాసు లెక్కలో నున్నవారు మరునాటికి మరియొక లెక్కలోనికి వచ్చిరి. మనలో మరికొందరు, మగ్గములతో సోలాపురమునకు తరలిపోయినవారివంటివారు, కోడలి కంప్యూటరువలె అడిగి స్థలము పుచ్చుకొన్నవారు. రెండు విధములవారును "మీరు వచ్చినది మొదలు" అను మాట వినియుందురు. అందుచేతనే మన యిండ్లలో ఆ మాట వినబడినపుడు మాకు కొంచె మెక్కువ నొచ్చును.

క్రొత్తది యెన్నడును తప్పు చేయదని మా వాదము కాదు. చౌకరకపు బల్బులు, కెమెరాలు పెక్కు 2.4 గిగాహెర్ట్జు మీదనే వినును. వానిని 5 గిగాహెర్ట్జుకు పిలిచిన పలుకవు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అను తాళమును మాత్రమే ఒప్పుకొనునట్లు రౌటరును అమర్చినచో పాతకాలపు పరికరములు గుమ్మముకడనే నిలిచిపోవును. గడియారము తప్పుగానున్న టీవీ వైఫైలో చేరియు, వెబ్‌సైట్ల ధ్రువపత్రములకు కాలము చెల్లినదని తలచి, వానిని తెరవదు. ఇవి చూచి సరిదిద్దుకొనవలసినవి, అంతియే.

ఆ యింటిలో మరియొక చిక్కు మిగిలియుండెను. న్యాయవిచారణకు అదియే రుచికరము. వెనుక గదిలో బామ్మగారు పాత టాబ్లెటుమీద సాయంకాలము పురాణము విందురు. వైఫైలో ఒకే మార్గమున ఒక్కసారి ఒక్కటే మాటలాడవలెను. ప్రతిదియు ముందు ఆలకించి, నిశ్శబ్దమైనపుడు తన వంతు తీసికొనును. వంతులు ఇంచుమించు సమానమే. కాని మందపు గోడల వెనుక దూరమున నున్న పాత పరికరము మెల్లగా మాటలాడును. 1500 బైట్ల మూటను మాత్రము పంపుటకు, సెకనుకు 54 మెగాబిట్ల వేగమున పావు మిల్లీసెకనైనను పట్టదు. ఒక్క మెగాబిట్టు వేగమున 12 మిల్లీసెకన్లు పట్టును. వంతులు సమానమైనపుడు కాలము సమానము కాదు. పురాణము సాగుచున్నంతసేపు కోడలి మీటింగు నత్తనడక నడచును. కొన్ని రౌటర్లలో వంతులకు బదులు కాలమును సమానముగా పంచు అమరిక కలదు; అది పెట్టిన బామ్మగారి పురాణము మాటిమాటికి ఆగును. విందులో ప్రతివారికి ఒక విస్తరియా, ప్రతివారికి పది నిమిషములా? పండ్లు లేనివారికి ఈ రెండును ఒకటి కావు. ఏది సమత్వమో యంత్రము చెప్పజాలదు, ఇంటివారే తేల్చుకొనవలెను. మేమైనచో ముదుసలివైపు మ్రొగ్గుదుము.

కోడలి కంప్యూటరును "అతిథి" నెట్టులో పెట్టుడని కంపెనీవారు ఫోనులో మొదటనే సలహా యిచ్చియుండిరి. అతిథి నెట్టులో చేరినదానికి బయటి లోకము అందును. ఇంటిలోని ప్రింటరు మున్నగునవి సాధారణముగా అందవు. ఎవరు చేసినదో తెలియని చౌక కెమెరాకు ఆ యేర్పాటు మంచిదే. మేమును అట్లే చేయుదుము. ఇంటి కోడలి కంప్యూటరును అందులో నుంచినచో గొడవ అణగును, కాని ఆమె ఒక కాగితము అచ్చు వేసికొనుటకు మామగారి నడుగవలసియుండును. మేనల్లుడు ఆ సలహాను మొదటనే త్రోసివేసెను. అతడు రౌటరునుండి ఆమె గదికి తీగ లాగించెను. తీగమీద నున్నది గాలిలో వంతు నడుగదు గనుక బామ్మగారి పురాణమునకు అడ్డు లేదు, మీటింగునకును లేదు. ఆ తీగ ముందు గదినుండి వంటింటి గుమ్మముమీదుగా పోవును. సంక్రాంతికి సున్నము వేయించునపుడు పనివారు దానిని విప్పబోగా అత్తగారు విప్పనీయలేదట.