పాట నాది, టైమ్ ఎవరిది?

ఈ వారం వీడియోలో భద్రాచల రామదాసు గారి గురించి మాట్లాడుకున్నాం కదా. పది నిమిషాల్లో చెప్పలేక వదిలేసిన ప్రశ్న ఒకటి ఉంది. దేవుడి కోసం పాడాలనే తపన నిజంగా ఉన్నవాడు పొట్టకూటి కోసం వేరే ఉద్యోగం చేస్తే, వాడిది సగం భక్తి అవుతుందా? ఇది నన్ను రెండేళ్లుగా వేధిస్తున్న ప్రశ్న. అందుకే ఈసారి పురాణం కంటే సొంత గొడవ కొంచెం ఎక్కువ ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది కడప జిల్లా కమలాపురం. ఇంజనీరింగ్ అయ్యాక బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు మా అబ్బ చెయ్యి పట్టుకుని భజనకు పోయేవాణ్ణి. అక్కడ హార్మోనియం ముందు కూర్చునేది ఒక టైలరు, డోలక్ వాయించేది ఆర్టీసీలో కండక్టరు, గొంతెత్తి పాడేది బుడ్డశనగ పండించే రైతు. వాళ్లలో ఎవ్వరూ తమను కళాకారులం అనుకోలేదు. శనివారం రాత్రి వచ్చేవాళ్లు, పాడేవాళ్లు, పొద్దున్నే పనికి పోయేవాళ్లు. అదే నాకు మొదటి సంగీతం క్లాసు.

బెంగళూరు వచ్చాక గొంతు మీద ఆశ పెరిగింది, ఉద్యోగం మీద విసుగు పెరిగింది. ఒక రాత్రి రాజీనామా మెయిల్ టైప్ చేసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నా. "రాములవారి కోసం పాడాల్సిన గొంతు మీటింగుల్లో అరిగిపోతోంది" అని నాకు నేనే డైలాగు చెప్పుకునేవాణ్ణి. వినడానికి గొప్పగానే ఉంటుంది.

ఆ మధ్య ధనుర్మాసంలో ఊరికి వెళ్లి ఇంటి నుంచే పని చేస్తున్నా. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ నాది. అంటే సర్వర్లకు ఏ అర్ధరాత్రి ఏమైనా ముందు ఫోన్ ఎత్తాల్సింది నేను. తెల్లవారుజామున నాలుగున్నరకు నగర సంకీర్తన. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయా. "దేవుడి పని కదా, ఏం కాదులే" అనుకున్నా. చలిలో వీధి వీధి తిరిగి, గొంతు విప్పి పాడి, ఆరు దాటాక ఫోన్ చూస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. నేను ఎత్తకపోయేసరికి ఆ అలర్ట్ నా టీమ్‌లో ఒక అక్కకు వెళ్లింది. ఆమెకు ఏడాది పాప. పాపను ఒళ్లో పెట్టుకుని గంటన్నర కూర్చుని సరిచేసింది. నేను సారీ చెప్పడానికి ఫోన్ చేస్తే తిట్టలేదు. "పాట బాగా వచ్చిందా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజంతా మనసు బాలేదు. సాయంత్రం టైలర్ మామ షాపు దగ్గర కూర్చుని జరిగింది చెప్పా. ఆయన మిషన్ ఆపకుండానే విన్నాడు. రంజాన్ ముందర రెండు మూడు శనివారాలు ఆయన భజనకు రాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా గానీ ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఆయనే చెప్పాడు: "చూడు బ్బీ, పండగ ముందర ఊళ్లో పిల్లోళ్ల గుడ్డలన్నీ నా మిషన్ మీదుంటాయి. అవి కుట్టకుండా నేను భజనకొచ్చి కూర్చుంటే నాకు తాళం వినపడదు. నా గుడ్డలు యాడ అని ఆ పిల్లోళ్లు అడిగేదే వినపడతాది."

దీని తర్వాత నాకు రామదాసు కథ వేరేగా కనిపించడం మొదలుపెట్టింది.

కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో గోల్కొండ నవాబు తానీషా కింద పాల్వంచ తహసీల్దారు. అంటే పూర్తిగా డే జాబ్ ఉన్న వాగ్గేయకారుడు! వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ కోటలో పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడని మన సంప్రదాయం చెబుతుంది. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో తానీషా దగ్గరికి వచ్చి బాకీ కట్టి, రసీదు తీసుకున్నారనేది మనందరికీ తెలిసిన కథే. మనం ఎప్పుడూ ఇక్కడ మహిమనే చూస్తాం. ఒక్కసారి లెక్క కూడా చూడండి. "అది నా గుడికే కదా ఖర్చయింది, బాకీ ఏంటి?" అని రాముడు అనలేదు. పైసాతో సహా కట్టాడు, రసీదు అడిగాడు! భక్తుడి ప్రేమను మెచ్చుకుంటూనే, ఖజానా సొమ్ము ఖజానాకే చెందుతుందని ఒప్పుకున్నాడు. రామదాసును తప్పుపట్టడానికి నేనెవణ్ణి? కానీ ఆయన బాకీ తీర్చడానికి రాముడు దిగివచ్చాడు. నా బాకీ తీర్చడానికి మాత్రం పాపను ఒళ్లో పెట్టుకుని ఒక అక్క కూర్చుంది. తేడా అక్కడుంది.

"అయితే ఉద్యోగం వదిలేస్తే గొడవే లేదుగా" అంటారు మీరు. నేనూ అదే అనుకున్నా. త్యాగరాజస్వామి రాజుగారి కొలువును కాదన్నారని చెప్పుకుంటాం. ఆయన ఉద్యోగం చేయలేదు, నిజమే. కానీ ఉంఛవృత్తితో బతికారు. వీధిలో పాడుతూ వెళ్లి, వచ్చిన బియ్యంతో ఆ రోజు గడుపుకోవడం. మనం త్యాగరాజస్వామిని ఉదాహరణగా చెప్తాం గానీ, ఫ్లాట్ ఈఎంఐ, వీకెండ్ ట్రిప్పులు, కొత్త ఫోన్ అలాగే ఉండాలంటాం. ఆ స్వేచ్ఛకు ఆయన కట్టిన ధర మనం కట్టడానికి రెడీగా ఉన్నామా? ఉంటే వదిలేయండి, నేను దణ్ణం పెడతా. అలా వదిలేసి నిజాయితీగా బతుకుతున్న కళాకారులను నేను తక్కువ చేయడం లేదు.

ఇంకోటి. పాటే జీవనాధారం అయితే, డబ్బిచ్చేవాడి రుచి కూడా పాటలోకి వస్తుంది. మన తాళ్లపాక అన్నమయ్యకే ఆ పరీక్ష తప్పలేదు. సాళువ నరసింహరాయలు తన మీద పాట చెప్పమంటే ఒప్పుకోక సంకెళ్లు వేయించుకున్నాడని కథ. ఇప్పుడు రాజులు లేరు, వ్యూస్ ఉన్నాయి. ఏ పాటకు వ్యూస్ వస్తాయో అదే పాడాలనిపిస్తుంది. ఈ చానల్ నడిపే మాకే అనిపిస్తుంది, దాచుకోవడం దేనికి? నెలాఖరుకు జీతం వచ్చేవాడు కనీసం ఆ బేరం నుంచి తప్పించుకోగలడు.

ఇక మన కర్నూలుకే వద్దాం. శ్రీపాద పినాకపాణి గారు (1913–2013) వృత్తిరీత్యా డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్. అదే మనిషి నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ లాంటి విద్వాంసులకు గురువు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, మరుసటి ఏడాది పద్మభూషణ్. అన్నమయ్య పాటలకు నేదునూరి గారు కట్టిన స్వరాలు ఈ రోజు మన ఇళ్లలో మోగుతున్నాయంటే, దాని వెనక ఒక డాక్టరు గారి ఇంట్లో జరిగిన పాఠాలు కూడా ఉన్నాయి. అనంతపురం జిల్లావారైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు పాఠాలు చెప్పారు, ఆ తర్వాత తిరుపతిలో అన్నమయ్య పాటలను పరిష్కరించి స్వరపరిచారు. ఆయనకూ 1974లో సంగీత కళానిధి వచ్చింది. వీళ్లను సగం సంగీతజ్ఞులు అని ఎవరైనా అనగలరా?

కానీ ఒక్క మాట. ఉద్యోగానికి ఖరీదేమీ లేదని నేను చెప్పను. రష్యాలో బొరొదిన్ అని రసాయన శాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు, గొప్ప సంగీతకర్త కూడా. 'ప్రిన్స్ ఇగోర్' అనే సంగీత నాటకాన్ని ఏళ్ల తరబడి రాస్తూ, పూర్తి చేయకుండానే 1887లో చనిపోయాడు. స్నేహితులు పూర్తి చేశారు. అలాగే మనలో చాలామంది పాటలు సగంలోనే ఆగిపోవచ్చు. ఆ బాధ నిజం. "పనే దైవం" అనే మాటను సాధన ఎగ్గొట్టడానికి వాడుకునే నాలాంటి బద్ధకస్తులూ ఉన్నారు. రోజంతా ఆస్పత్రి చూసుకుని కూడా పాఠం చెప్పిన పినాకపాణి గారి ముందు ఆ సాకు నిలబడదు.

అమెచ్యూర్ అనే మాటను మనం చులకనగా వాడతాం. దాని మూలం లాటిన్‌లో ప్రేమించేవాడు అనే అర్థమున్న మాట. ఆ లెక్కన మా ఊరి భజనలో అందరూ అమెచ్యూర్లే.

భగవద్గీత చివరి అధ్యాయంలో కృష్ణుడు, మనిషి తన పనితోనే భగవంతుణ్ణి పూజించి సిద్ధి పొందుతాడంటాడు. ఇంతకు ముందు నాకు అది ఉద్యోగస్తులను ఓదార్చే మాటలా ఉండేది. ఇప్పుడు హెచ్చరికలా వినిపిస్తోంది. నా పనే పూజ అయితే, ఆ తెల్లవారుజామున నేను పూజ మధ్యలో లేచి వెళ్లిపోయినట్టే. ఉద్యోగం చేయడం వల్ల నా భక్తి సగం కాలేదు. ఆ ఉద్యోగాన్ని నమ్మి పడుకున్న మనిషిని మర్చిపోవడం వల్ల సగమైంది. ఉద్యోగం వదిలేసి పాడుతున్నా, నిలుపుకుని పాడుతున్నా అడుక్కోవాల్సిన ప్రశ్న ఒకటే: నేను పాడుతున్న ఈ టైమ్ ఎవరిది? నాదైతే మొత్తం దేవుడికి ఇచ్చేయొచ్చు. ఇంకొకరిదైతే, అడగకుండా తీసుకుని దేవుడికిచ్చినా అది నా నైవేద్యం కాదు.

ఆ డ్రాఫ్ట్ మెయిల్ డిలీట్ చేశా. ఎప్పటికీ వదలనని ఒట్టేం పెట్టుకోలేదు. రోజూ పొద్దున ఐదు నుంచి ఆరు దాకా సాధన. అది నా నిద్రలోంచి తీసుకున్న టైమ్, ఎవరికీ బాకీ లేదు. పోయిన ధనుర్మాసంలో ఆ వారం డ్యూటీ మార్చుకోమని ముందే అడిగితే, అదే అక్క ఒప్పుకుంది. బదులుగా వాళ్ల పాప పుట్టినరోజు వారం డ్యూటీ నేను చేశా. ఆ తెల్లవారుజామున మా వీధుల్లో పాడుతుంటే జేబులో ఫోన్ బరువుగా లేదు. టైలర్ మామ పక్కనుంచి చూసి, "ఈపొద్దు గొంతు బాగుంది బ్బీ" అన్నాడు.

మీరు కూడా ఈ వారం ఒకసారి అడిగి చూసుకోండి. వచ్చే వీడియోలో కలుద్దాం. జై శ్రీరామ్.