ప్రాతినిధ్య ధర్మము

ఒకని పక్షమున వేఱొకడు మాటాడుటకు అధికార మెక్కడినుండి వచ్చుచున్నది? వకీలున కది వకాలతునామావలన వచ్చును. బిడ్డకు బదులు తండ్రి మాటాడునపుడు రక్తసంబంధమువలన వచ్చును. శాసనసభలో సభ్యుడు మాటాడుట వోటువలన. తనకు వోటు వేయనివారి పక్షమునను అతడు మాటాడవచ్చును గాని, అక్కడ నెదుటి బల్లమీద ప్రతిపక్షము కూర్చుండి యుండును, వాదము పదుగురి యెదుట జరుగును. కార్మికసంఘపు ప్రాతినిధ్యము వీనిలో దేనితోను సరిపోలదు. గెలిచిన సంఘము యజమానితో తలుపు మూసిన గదిలో కూర్చుండును. ఓడినవారికి ఆ గదిలో పీట లేదు. అయినను వారి జీతము, సెలవు, పనివేళ, ఒక్కొక్కప్పుడు ఉద్యోగమే, గెలిచినవారు చేసిన సంతకము క్రింద నిలిచి యుండును. తనను వలదన్నవాని బ్రదుకును చేతబట్టుకొని బేరమాడుట సామాన్యమైన పని కాదు. దీనికొక ధర్మము కలదా, లేక గెలుపే ధర్మమా యనునది మేమిక్కడ విచారింపదలచిన ప్రశ్న.

రెండు విమాన కంపెనీలు కలిసి యొక్కటియైన వేళ ఈ ప్రశ్న తేటగా కనబడును. విమానములను మరమ్మతు చేయు మెకానిక్కులను చూడుడు. ప్రయాణికులు వీరి నెఱుగరు. ఊరు నిద్రించునపుడు హ్యాంగరులో వీరి పని సాగును. చక్రములు, బ్రేకులు, ఇంజను రెక్కలు పరీక్షించి, లోపము సవరించి, లైసెన్సుగల ఇంజనీరు పుస్తకములో చేవ్రాలు చేసినగాని విమానము కదలరాదు. వీరికి జీతముతో సమానమైన దొకటి కలదు. అది సీనియారిటీ పట్టిక. రాత్రిపని యెవరికి, పగటిపని యెవరికి, ప్రమోషను ముందెవరికి, పని తగ్గినపుడు మొదట ఇంటికి పోవలసిన దెవరు అను సంగతులు చాలచోట్ల ఆ పట్టికయే చెప్పును. రెండు కంపెనీలు కలియుటయనగా రెండు పట్టికలు కలియుట. వేఱువేఱుగ నున్న రెండు కాపురములు ఒక్క వంటయింటికి వచ్చినపుడు పెద్దకోడలెవరను తగవు పొయ్యి వెలిగించుటకు ముందే పుట్టును. ఆ యింట మొన్న కాపురమునకు వచ్చినదియు, ఈ యింట ఇరువదియేండ్లు వండినదియు నొక్క వరుసలో నిలువవలెను. వరుస నిర్ణయించు గరిటె యెవరి చేత నుండునో వారి కూటమిదే పైచేయి. అందుచేతనే విలీనము జరిగినంతనే సంఘములకు సంఘములకు పోటీ రేగును.

మన దేశమున నిది క్రొత్త కాదు. 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషను ఏర్పడెను. అందు హైదరాబాదు బేగంపేట కేంద్రముగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. అప్పుడు కేంద్రములో కార్మికమంత్రి మన వరాహగిరి వేంకటగిరిగారు. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులలో చిరకాలము పనిచేసిన వారాయన. సర్కారు పంచాయతీకంటె యజమానియు కార్మికులును ముఖాముఖి కూర్చుండి తేల్చుకొనుటయే మేలని వారి పట్టు. ఆ పట్టు మంచిదే. కాని కార్మికుల వైపు కూర్చుండున దెవరు అను ప్రశ్న దానివెంట రాక తప్పదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము సంఘములను రిజిస్టరు చేసికొననిచ్చెనే గాని, పదిసంఘములున్నపుడు యజమాని యే సంఘముతో మాటాడవలెనో చెప్పలేదు. యజమానికి నచ్చినవారితో మాటాడుట, నచ్చనివారి గుర్తింపు తీసివేయుట యను ఆచారము అట్లు పాతుకొనెను.

దాని ఫలము 2007 తరువాత కనబడెను. ఆ సంవత్సరము ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్సు ఒక్క కంపెనీగా కలిసెను. పేరు కలిసెను, రంగులు కలిసెను, మనుష్యులు కలియలేదు. జీతముల లెక్క యొకరి కొకలాగు, ప్రమోషను నియమములు మఱియొకలాగు. ఎవరి సంఘము వారిదే. 2010 మే నెలలో నేలమీది యుద్యోగుల సంఘమైన ఎయిర్ కార్పొరేషన్ ఎంప్లాయీస్ యూనియనును, విమాన ఇంజనీర్ల సంఘమును సమ్మె చేసెను. యాజమాన్యము రెండింటి గుర్తింపును తీసివేసెను. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్సు పైలట్లు తమకును రెండవ వారితో సమానమైన జీతము కావలెనని పదిదినములు పని మానిరి. 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు, క్రొత్తగా వచ్చు బోయింగ్ 787 విమానముల శిక్షణ రెండవ వర్గమువారి కీయరాదని 58 దినములు పని మానిరి. మొదటివారు సమానత్వము కోరిరి, రెండవవారు ప్రత్యేకత కోరిరి. గుర్తింపు పోవుటలో మాత్ర మిరువురకును భేదము లేకపోయెను. పట్టికలు కలుపు మార్గము చెప్పుటకు జస్టిస్ ధర్మాధికారిగారి సంఘమును నియమించినది 2011లో, అనగా పెండ్లియైన నాలుగేండ్లకు జాతకములు చూచుట!

కౌటిల్యుని యర్థశాస్త్రములో సంఘవృత్తమను అధికరణ మొకటి కలదు. బలమైన సంఘములలో చీలిక లెట్లు పుట్టింపవలెనో, ఒకని గొప్పను మఱియొకని చెవిలో నెట్లు వేయవలెనో అందు రాజునకు విప్పి చెప్పబడినది. శాంతిపర్వములో భీష్ముడు అదే సంగతిని గణముల వైపునుండి చెప్పును: గణములకు వెలుపలి శత్రువుకంటె లోపలి భేదమే చేటని. ఒక గ్రంథము పగులగొట్టువానికి, మఱియొకటి పగులువానికి వ్రాసినవి. 2007 నాటి యాజమాన్యము అర్థశాస్త్రము చదివి యుండునని మేమనుకొనము. అంత తెలివి యవసరము కూడ లేకపోయెను; పగుళ్లు సిద్ధముగ నుండెను.

ఇంతవరకు వచ్చిన చదువరులలో కొందఱు, “అట్లైన సంఘములలో పోటీయే వలదు, అందఱు నొక్కటిగా నుండిన చాలును” అందురు. ఐకమత్యమునుగూర్చి వ్యాసము వ్రాయని పాఠశాల బాలుడు లేడు గనుక ఈ మాట మనకు సులభముగ నోట వచ్చును. మేము దీనిని పూర్తిగా అంగీకరింపజాలము. ఎదురులేని సంఘము చందా వసూలుచేయు కచ్చేరిగా మాఱుట మన మెఱుగనిది కాదు; మా ఉపాధ్యాయ వృత్తిలోనే సంఘము లనేకములు పుట్టుటకు వట్టి పదవీకాంక్షయే కారణమనుట న్యాయము కాదు. చిన్నవర్గమునకు తనదైన నొప్పి యుండును. అమెరికాలో నార్త్‌వెస్ట్ అను కంపెనీ మెకానిక్కులు 1998లో మెషినిస్టుల పెద్దసంఘమును విడిచి, మెకానిక్కులకే ప్రత్యేకమైన మఱియొక సంఘమును వోటుతో నెన్నుకొనిరి. నేర్పుగల తమ పని పెద్దసంఘములో పలువురి పనులనడుమ మునిగిపోవుచున్నదని వారి యాక్షేపణ. ఆ యాక్షేపణలో పస లేకపోలేదు.

కాని దాని తరువాతి కథయు చెప్పవలెను. 2005 ఆగస్టులో ఆ క్రొత్త సంఘమువారు సమ్మె చేసిరి. కంపెనీ వెలుపలి మనుష్యులను తెచ్చి విమానములు నడిపెను. పాత సంఘమువారు సమ్మెలో కలియక పనికి పోయిరి. ఏడేండ్లనాటి వోటు ఎవరును మఱవలేదు. వందలకొలది మెకానిక్కుల యుద్యోగములు తిరిగి రాలేదు. 2008లో ఆ కంపెనీ డెల్టా యను మఱియొక కంపెనీలో కలిసెను. అక్కడ మెకానిక్కులకు సంఘమే లేదు. పోటీలో నెవరు గెలిచిరని యడిగిన నేమని చెప్పవలెను? పోటీ తప్పు కాదు. పోటీ ముగిసిన తరువాత ఓడినవానిని, విడిచిపోయినవానిని శత్రువుగ నెంచుట తప్పు.

రహస్యవోటు ఈ రోగమునకు మందని పలువురు నమ్ముదురు. సింగరేణి గనులలో 1998నుండి గుర్తింపు సంఘమును వోటుతోనే తేల్చుచున్నారు. రైల్వేలలో 2007, 2013, 2024 సంవత్సరములలో అట్టి వోటు జరిగినది. గుంతకల్లు, ధర్మవరము రైల్వే కుటుంబములవారికి ఆ సంగతి మేము చెప్పనక్కఱలేదు. యజమాని యిచ్చవచ్చినట్లు గుర్తించుటకంటె ఇది వేయిమడుగులు మేలు. అయితే వోటు ఎవరు మాటాడవలెనో చెప్పును. ఏది న్యాయమో చెప్పదు. ఆరువేలమందిగల కంపెనీయు, రెండువేలమందిగల కంపెనీయు కలిసినవనుకొందము. ఆరువేలమంది వోటు వేసి, చిన్న కంపెనీనుండి వచ్చినవారి నందఱిని పట్టిక యడుగున వ్రాయుడని తీర్మానించిన, వోటు సక్రమమే, లెక్క సరియే. పని మాత్రము దోపిడి.

ఇది యూహ కాదు. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్సు టి.డబ్ల్యు.ఏ. యను పాత కంపెనీని కొనినపుడు, విమానములలో పరిచర్య చేయు ఉద్యోగినుల సంఘము క్రొత్తగా వచ్చినవారిని వేలకొలది తన పట్టిక యడుగున చేర్చెను. ముప్పదియేండ్లు పని చేసినవారును నిన్నటి పిల్లలకు క్రిందివారైరి. ఆ సెప్టెంబరు దాడుల తరువాత విమానముల రాకపోకలు తగ్గి ఉద్యోగములు తీసివేయుట మొదలైనపుడు అడుగుననుండియే తీసివేసిరి. 2003 నాటికి వారిలో నెవరును మిగులలేదు. వారి పక్షమున మాటాడవలసిన సంఘమే వారి నడుగున వ్రాసినదని చదువరులు గమనింతురుగాక. 2007లో అక్కడి శాసనసభ పట్టికలు న్యాయముగ కలుపవలెనని చట్టము చేసెను; కాని రెండు కంపెనీల వారికిని ఒక్క సంఘమే యున్నచో సంగతిని ఆ సంఘపు నియమములకే విడిచినది. తుదకు సంఘపు మనస్సాక్షిమీదనే భారము పడెను.

ఈ మనస్సాక్షినిగూర్చి 1944 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మాకు శిరోధార్యముగ దోచుచున్నది. స్టీల్ అను నల్లజాతి కార్మికుడు ఆలబామా రాష్ట్రములో రైలింజనులో ఫైర్‌మను. ఫైర్‌మన్ల సంఘము తెల్లవారిదే. నల్లవారిని సభ్యులుగ చేర్చుకొనదు. అయినను తెల్లవారు మెజారిటీ గనుక చట్టప్రకార మా సంఘమే అందఱి ప్రతినిధి. అది కంపెనీతో నొడంబడిక చేసికొని నల్లవారిని మంచి పనులనుండి తొలగింప జూచెను. స్టీలు పని అతనికంటె తక్కువ సర్వీసుగల తెల్లవాని కిచ్చిరి. కోర్టు చెప్పిన దేమనగా: అందఱి పక్షమున మాటాడు అధికారము చట్టమువలన పొందినవాడు అందఱి మేలును ద్వేషములేక చూడవలెను; సభ్యుడు కానివానిని, సభ్యునిగా తాను చేర్చుకొననివానిని కూడ. ఆ రైల్వే కార్మిక చట్టమే 1936నుండి అక్కడి విమాన మెకానిక్కులకును వర్తించుచున్నది. సంఘములో చేరుటకు స్టీలునకు ఆ తీర్పు హక్కీయలేదనుట నిజమే; ఆ కొఱత కొఱతయే.

మా బుక్కపట్నములో బుక్కరాయల నాటిదని చెప్పుకొను చెఱువు కలదు. ఈ సీమ చెఱువులక్రింద నీరుగంటియను వృత్తి చిరకాలముగ నున్నది. తూము తెఱచుట, కాలువ మళ్లించుట వాని పని. పంటనాడు రైతు లిచ్చు ధాన్యము వాని కూలి. వానికిని చుట్టములు, పగవారు నుందురు. తూముదగ్గఱి మడికి నీరు పాఱించుటకు నేర్పక్కఱలేదు, నీరే పోవును. చివరి మడి తడిసినదా లేదా యనుదానినిబట్టియే నీరుగంటి యెట్టివాడో తెలియును. ఆ చివరి మడి రైతు తనకు కూలి సరిగా కొలువనివాడైనను కాలువ కట్టుటకు వీలులేదు, ఏలయన తూము తాళము ఒక్కని చేతనే యున్నది. అందఱి చేతను నుండిన, ఎవని పాట్లు వాడు పడును. ఒక్కని చేత నున్నందుననే వానికి బాధ్యత వచ్చినది.

“చందా ఈయని వానికై, మాకెదురు వోటు వేసిన వానికై మేమెందుకు పోరాడవలెను?” అని సంఘములవారు మమ్మడుగవచ్చును. కోపము సహజమే. కాని వారు కోరుకొన్నది తమవారి పక్షమున మాత్రమే మాటాడు అధికారము కాదు. అందఱి పక్షమున తామొక్కరే మాటాడు అధికారము. రెండవది కావలెననువాడు దాని వెలయు చెల్లింపవలెను.

మన దేశమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడు 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. నూటికి 51 మంది బలముగల సంఘము ఏకైక ప్రతినిధి యగును. అట్టిది లేనిచో నూటికి 20 మంది బలముగల సంఘములన్నియు నొక మండలిగ కూర్చుండును. ఏకప్రతినిధికంటె మండలియే విలీనపు కాలమున తగినదని మా యభిప్రాయము. దాని చిక్కు మేమెఱుగనిది కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్సు 2013లో మఱియొక కంపెనీతో కలిసినపుడు మెకానిక్కుల రెండు సంఘములు పోటీ మాని కలిసి ప్రాతినిధ్యము వహింపబూనెను. ఒప్పందము కుదురుసరికి 2020 వచ్చెను. ఇంత యాలస్యము కూలివానికి భారమే. అయినను అడుగున వ్రాయబడి యింటికి పోవుటకంటె ఆలస్యము మేలు.

2024లో మరల రెండు విలీనములు జరిగినవి: అక్టోబరులో ఏ.ఐ.ఎక్స్. కనెక్ట్ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లోను, నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలోను కలిసినవి. ఇట్టి సందర్భములలో ఏ సంఘము గెలిచినను మేము కోరునది రెండే. పట్టిక వ్రాయు బల్లవద్ద ఓడిన సంఘపు మనిషి నొకనిని కూర్చుండనీయవలెను. పట్టికలో క్రిందికి దిగిన ప్రతిపేరునకు ఎదురుగ కారణము వ్రాసి, హ్యాంగరు గోడమీద అందఱు చదువునట్లు అంటింపవలెను. కారణము వ్రాయుటకు చేయి రానిచోట ఆ పేరును పైకి జరుపుట యుత్తమము.