సమాధిశిల ఎవరి కొఱకు?

మృతదేహమును భూస్థాపితము చేసి ఆ చోట ఒక శిలను నిలుపుట మానవజాతియందు అతిప్రాచీనమగు ఆచారము. దేహము జీర్ణవస్త్రతుల్యమని నమ్మువారికి ఈ శిలతో పనియేమి? అది ఆత్మకు ఉపకరింపదు; దేహమును కాపాడజాలదు. అట్లయినచో అది ఎవరి కొఱకు నిలుచుచున్నది?

హిందూ సంప్రదాయము ఈ విషయమున ఒక విచిత్రమును చూపుచున్నది. దహనాచారము గల కుటుంబములలో గృహస్థుని అస్థులు నదీజలమున కలుపబడును. సాధారణముగా గుర్తేమియు మిగులదు. సన్న్యాసి దేహమును మాత్రము పలుచోట్ల భూమియందుంచి, పైన శివలింగమునో బృందావనమునో ప్రతిష్ఠింతురు. తుంగభద్రాతీరమున మంత్రాలయమునందు 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి ప్రవేశించిన బృందావనము తెలుగువారికి సుపరిచితము. పేరుప్రతిష్ఠలయందు మక్కువ గల గృహస్థునకు గుర్తు లేదు. సన్న్యాసదీక్షాకాలముననే తనకు తాను శ్రాద్ధము పెట్టుకొని పూర్వనామమును విడిచినవానికి గుర్తు కలదు! తన్ను స్మరింపుమని ఆయన కోరలేదు. ఆయనవలన మేలు పొందినవారు తమ కృతజ్ఞతకు ఒక తావు కల్పించుకొనిరి.

అన్యమతములందును ఈ వైరాగ్యమునకు నిదర్శనములు కలవు. షాజహాను కుమార్తె జహనారా తన తల్లి ముంతాజు కొఱకు తాజ్‌మహలు నిర్మింపబడుట చూచినది. 1681లో మరణించిన ఆమె సమాధి ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గా ప్రాంగణమున ఉన్నది. దానికి కప్పు లేదు. పాలరాతి నడుమ మట్టి, దానిపై పచ్చగడ్డి. అచటి శాసనము ఆమెను చక్రవర్తి పుత్రికయని చెప్పుటకు ముందే ఫకీరనియు, చిష్తీ గురువుల శిష్యురాలనియు పేర్కొనుచున్నది.

మఱి శిలపై పేరు చెక్కుట యెల్లప్పుడు అహంకారమేనా? నాగాలాండులోని కోహిమా యుద్ధశ్మశానమున, 1944 నాటి పోరులో మరణించిన అధికారికిని సిపాయికిని సమాధిచిహ్నము ఒక్కతీరుగనే యున్నది. దహనసంస్కారము పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అచటనే వేఱొక స్మారకముపై చెక్కబడినవి. వారికి సమాధులు లేవు. ఆ పేర్లతో వారికి కలుగు లాభమును లేదు. వారి త్యాగమువలన బ్రదికినవారు ఆ ఋణమును మరువకుండుటకే అవి అచట నున్నవి.

కావున శిలను నిలుపువాడు ముందుగా తన హృదయమును ప్రశ్నించుకొనవలెను: ఇది వంశగౌరవమును చాటుటకా, ఋణమును స్మరించుటకా? మొదటిదైనచో ఎంతటి పాలరాయియు ఒకనాడు కాలమునకు లొంగును. రెండవదైనచో ఆ శిల ఋణపత్రము వంటిది. పత్రము వ్రాసినంతమాత్రమున బాకీ తీరదు; దానిని మన నడవడిచేతనే తీర్చవలెను.