వెనక సీటు మాట

"బండి నడుస్తోంది కదా, ఇంకేం కావాలి?" ఏజెన్సీ దారుల్లో ఈ మాట మనం తరచు వింటాం. అది మామూలు మాటలాగే ఉంటుంది. కానీ అందులో ఒక న్యాయ ప్రశ్న దాగి ఉంది. బండి బాగానే ఉందని తేల్చాల్సింది ఎవరు?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో జీపుల తయారీ మొదలైంది. ఆ వరసలో వచ్చిన కమాండర్ జీపులు పాడేరు, చింతపల్లి, అరకు దారుల్లో ఏళ్ల తరబడి మనల్ని సంతకూ ఆసుపత్రికీ మోశాయి. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన గర్భిణిని ఎక్కించుకున్నదీ చాలాసార్లు ఇలాంటి బండే.

జీపు బరువును మోసేవి కమాన్లు. గోతిలో పడగానే అవి వంగుతాయి, వెంటనే లేస్తాయి. ఆ ఊపును ఆపేది షాకబ్జర్. దాని గొట్టంలో నూనె ఉంటుంది. లోపలి పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా బలవంతంగా పోవాలి. అక్కడే ఊపు బలం వేడిగా మారి చల్లారిపోతుంది. సీలు అరిగి నూనె కారిపోతే కమాను ఊగుతూనే ఉంటుంది. చక్రం నేలను వదిలి ఎగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకూ పట్టదు, స్టీరింగూ పనిచేయదు. ఘాట్ మలుపులో దీని అర్థం ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

షాకబ్జర్ ఒక్క రోజులో పాడవదు. నెలల తరబడి కొంచెం కొంచెంగా అరుగుతుంది. రోజూ నడిపే చేయి ఆ తేడాకు అలవాటుపడిపోతుంది. పైగా డ్రైవరు కూర్చునేది ముందు. వెనక చక్రాల మీద, ఎదురెదురు బల్లల మీద కూర్చునేది ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, బడిపిల్లలు. కుదుపు ఎక్కువగా తగిలేది వాళ్లకు. ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది మాత్రం ముందు కూర్చున్నవారు. బాధపడేవారు ఒకరు, 'ఫర్వాలేదు' అనేవారు మరొకరు. అన్యాయం మొదలయ్యేది ఈ ఎడంలోనే.

"మనవాళ్లు ఓర్చుకుంటారు" అని మనల్ని మెచ్చుకునేవాళ్లున్నారు. మనమూ ఆ మాటకు పొంగిపోతాం. కొండ ఎక్కేటప్పుడు ఓర్పు కావాలి. వాన ఆలస్యమైనప్పుడూ కావాలి. అవి మన చేతిలో లేనివి. మార్చగలిగిన వస్తువును మార్చకుండా, దాని దెబ్బను పక్కవాడి నడుము మీద వేసి, దానికి ఓర్పు అని పేరు పెట్టడం సరికాదు. కమాను ఎంత మోసినా షాకబ్జర్ పని చేయలేదు. అలాగే, మన ఓర్పు ఎంత గొప్పదైనా ఇతరులు చేయాల్సిన పనికి బదులు కాదు.

"డబ్బు లేదు" అన్న మాట అబద్ధం కాదు. వాయిదాలు, డీజిలు, తక్కువ కిరాయి మధ్య జీపు యజమాని నలుగుతున్నాడు. అందుకే భారమంతా అతని మీదే వేయలేం. అందరూ ఎక్కే బండికి అందరూ తలా కొంత వేసుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. "రోడ్డు బాగుపడితే ఈ గొడవే ఉండదు" అనేవారూ ఉన్నారు. రోడ్డు అడగాల్సిందే, గట్టిగా అడగాలి. అయితే రోడ్డు వచ్చేదాకా షాకబ్జర్ అవసరం మరింత ఎక్కువ.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని సైన్సు పాఠంలోకి తేవచ్చు. ఆగి ఉన్న జీపు ఒక మూలను గట్టిగా కిందికి నొక్కి వదలాలి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడుసార్లు ఊగితే అది అరిగినట్టే. గొట్టం మీద నూనె తడి ఉందా, రబ్బరు బుష్‌లు చిరిగాయా అనీ చూడాలి. మార్చేటప్పుడు ముందు రెండూ లేదా వెనక రెండూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి ఒక తీరున నిలవదు.

ఇక్కడ యువతకు ఒక పని ఉంది. సంత రోజున జీపు దిగిన అవ్వను "కుదుపు ఎలా ఉంది?" అని అడగాలి. ఆమె చెప్పింది డ్రైవరన్నకు వినిపించాలి. బండి బాగుందో లేదో చెప్పే మొదటి హక్కు వెనక సీటుదే. ఊరి పనులన్నిటికీ ఇదే కొలత పెట్టి చూద్దాం.